చేయని పరీక్షకు చేసిన సంతకం

ఆ ఆసుపత్రిలో ఆమె అసలు పేరు తెలిసినవాడు హాజరుపట్టీ రాసే గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆమె రిజిస్టరక్క. తనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవారు. మొదట్లో ఒకరిద్దరికి సరిచేయబోయింది. తర్వాత మానేసింది.

రెండో అంతస్తులో ఎక్స్‌రే గది దాటాక చివరి తలుపు కంప్యూటర్ గదిది. మెషిన్లు వేడెక్కకుండా ఆ గదిని ఎప్పుడూ చల్లగా ఉంచేవారు. ఎండాకాలంలో కూడా ఆమె స్వెటర్ వేసుకుని కూర్చునేది. బయటినుంచి వచ్చినవాళ్లు ఆ స్వెటర్‌ని చూసి నవ్వి, రెండు నిమిషాల్లో చేతులు రుద్దుకునేవాళ్లు.

ఆసుపత్రికి వచ్చిన ప్రతి మనిషి వివరమూ, అంటే ఏ జబ్బు, ఏ మందు, ఏ మందు పడదు, రక్తంలో ఏది ఎంత ఉంది, మళ్లీ ఎప్పుడు రావాలి, అన్నీ ఆ గదిలోని పెద్ద మెషిన్‌లో ఉంటాయి. రోజూ రాత్రి ఆ మెషిన్ తనంతట తానే వాటికి నకలు తీసి, అరచేతిలో పట్టేంత టేపు మీదికి ఎక్కిస్తుంది. పొద్దున ఆమె వచ్చి ఆ టేపు బయటికి తీసి, కొత్తది పెట్టి, రిజిస్టరులో రాస్తుంది. తేదీ, టేపు నంబరు, నకలు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది, ఎంత పరిమాణం, ఏ అలమారలో ఏ అర, ఎప్పటిదాకా చెరపకూడదు, ఏ టేపు రోడ్డవతలి భవనంలో దాచడానికి వెళ్లింది, ఎవరు తీసుకెళ్లారు. పందొమ్మిదేళ్లుగా ఇదే పని. ఆ రిజిస్టర్లు పదకొండు, వరసగా నిలబెట్టి ఉండేవి. కొట్టివేత ఉన్న పేజీలు అన్నిట్లో కలిపి పది దాటవు.

నెలకోసారి, మొదటి బుధవారం, ఇంకో పని ఉండేది. ఏదో ఒక టేపు తీసుకుని, పక్కన ఖాళీగా ఉంచిన చిన్న మెషిన్‌లో పెట్టి, అందులోని నకలు తిరిగి తెరవాలి. తెరిచాక పదిమంది రోగుల రికార్డులు ఎంచుకుని, కింద రికార్డు గదిలోని కాగితాలతో ఒక్కొక్కటీ సరిపోల్చాలి. దాన్ని అందరూ డ్రిల్లు అనేవారు. ఆమెకు పని నేర్పిన పాత ఆఫీసరు అనేవాడు: "తెరిచి చూడని టేపూ ఇటుకా ఒకటేనమ్మా. కాకపోతే ఇటుకతో గోడైనా కట్టుకోవచ్చు."

ఇప్పటి ఆఫీసరు ఆమెకంటే పద్నాలుగేళ్లు చిన్నవాడు. మంచివాడే, కానీ ఒక్క చేత్తో ఏడు పనులు పట్టుకుని తిరిగేవాడు. ఆమె రాసిన పేజీ కింద చూడకుండా సంతకం పెట్టేవాడు. "నువ్వు రాశాక నేను చూడ్డం ఏంటక్కా, సూర్యుడికి దివిటీ పట్టినట్టు" అనేవాడు.

ఆ ఏడాది ఆమె భర్త పోయాడు.

అతను బడి బస్సుల మెకానిక్. గుండెలో కవాటం పాడైందని ఏడాదిన్నరగా ఇదే ఆసుపత్రికి వస్తూ ఉండేవాడు. ఆపరేషన్ కోసం మూడో అంతస్తులో చేరాడు. ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. నాలుగో రోజు జ్వరం వచ్చింది. తొమ్మిదో రోజు సాయంత్రం నాలుగుంపావుకు పోయాడు. అప్పుడామె మంచం పక్కనే ఉంది. నర్సు భుజం మీద చెయ్యి వేస్తే తలెత్తి, "సంతకం ఎక్కడ పెట్టాలి?" అని అడిగింది.

వాళ్లకు పిల్లలు లేరు. ఇంట్లో ఆమే, అతని అక్కా మిగిలారు. ఆ వదిన పెళ్లి చేసుకోలేదు. నలభై ఏళ్లు బట్టల దుకాణంలో కొలతలు తీసి కుట్టిన మనిషి. ఎవర్ని చూసినా ముందు భుజాలు చూసేది. తమ్ముడు పోయాక ఆమె మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు లేచి కిటికీ తెరలన్నీ విప్పి ఉతికింది, మళ్లీ ఏడ్చింది. అలా పనీ ఏడుపూ కలిపి చేసుకుంటూ పోయింది.

రిజిస్టరక్కకు ఏడుపు రాలేదు. రాలేదన్న బాధ కూడా రాలేదు. చెవుల్లో నీళ్లు పోతే ఎదుటివాళ్ల మాటలు గోడ అవతలినుంచి వస్తున్నట్టు వినిపిస్తాయి కదా, ఆమెకు రోజంతా అలాగే ఉండేది. అన్నం వేడిగా ఉందో చల్లారిందో తెలిసేది కాదు. వారం తిరక్కుండానే పనిలోకి వచ్చింది. ఎవరు పలకరించినా "బాగానే ఉన్నాను" అనేది. చూసినవాళ్లు గట్టి మనిషి అనుకున్నారు.

అతను మూడో అంతస్తులో ఉన్న ఆ తొమ్మిది రోజుల్లోనే కంప్యూటర్ గదిలో ఒక మార్పు జరిగింది. టేపు ఎవరి చేతిలోనైనా పడితే రోగుల గుట్టు బయటపడుతుందని, ఇకమీదట నకళ్లన్నిటికీ తాళం వేయాలని కొత్త నియమం వచ్చింది. తాళం అంటే ఇనపది కాదు, అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవైన వరస. అది లేకుండా టేపు తెరుచుకోదు. ఆఫీసరు ఆ ఏర్పాటు చేశాడు. తాళంచెవి పెద్ద మెషిన్‌లోనే ఉండిపోయింది. దాన్ని ఇంకో చోట కూడా భద్రపరచాలని అతనికి తెలుసు. డ్రిల్లు రోజు ఎలాగూ అవసరమవుతుంది కదా, అప్పుడు చూసుకుందాం అనుకున్నాడు.

డ్రిల్లు రోజు రానే వచ్చింది. ఆఫీసరు ఏదో శిక్షణకని ఊరు వెళ్లాడు. ఆమె టేపు తీసుకుని చిన్న మెషిన్ ముందు కూర్చుంది. టేపు ఒళ్లో పెట్టుకుంది. మెషిన్‌లోకి తొయ్యడానికి చెయ్యి లేవాలి, లేవలేదు. నొప్పి లేదు, భయం లేదు, ఆ పని తనది కాదేమో అన్నట్టుంది. అరగంట అలా కూర్చుని లేచి, తన బల్ల దగ్గరికి వెళ్లి, రిజిస్టరు తెరిచింది. కిందటి నెల పేజీ చూసి, అందులోని పది నంబర్లలో చివరి అంకెలు మార్చి రాసింది. "నకలు తెరిచాను. పది రికార్డులు సరిపోయాయి." సంతకం. నాలుగు నిమిషాలు పట్టింది.

రెండో నెల చిన్న మెషిన్ దాకా వెళ్లలేదు. మూడో నెల రాస్తున్నప్పుడు కిటికీ అవతల ఎవరో కారు వెనక్కి తీస్తుంటే దాన్నే చూస్తూ రాసింది. ఆఫీసరు మూడుసార్లూ సంతకం పెట్టాడు. డ్రిల్లు సరిపోయిందని చూసి, అయితే తాళంచెవి సంగతి అక్క ఏదో ఏర్పాటు చేసుకునే ఉంటుందనుకున్నాడు.

మూడో డ్రిల్లు రాసిన ఆరో రోజు, మంగళవారం పొద్దున పదింబావుకు, కింద చీటీలు ఇచ్చే కిటికీ దగ్గర కంప్యూటర్ తెరలు నిలిచిపోయాయి. కాసేపటికి మందుల గదిలో, ఆ తర్వాత వార్డుల్లో. రెండో అంతస్తు వరండాలో ప్లాస్టిక్ మాడిన వాసన. కరెంటు ఒక్కసారిగా పోటెత్తి, పెద్ద మెషిన్‌లోని డిస్కుల పెట్టె, దాని పక్కనే తోడుగా ఉంచిన రెండో పెట్టె కూడా కాలిపోయాయి. కంపెనీ మనిషి వచ్చి మూత విప్పి చూసి, మళ్లీ మూత పెట్టాడు.

ఆఫీసరు మాత్రం కంగారు పడలేదు. వరండాలో గుమిగూడిన నర్సులతో, "ఏం భయం లేదు, సాయంత్రానికల్లా నిలబెట్టేస్తాం. మన దగ్గర రిజిస్టరక్క ఉంది" అన్నాడు. పెద్ద నర్సు కాగితపు కట్టలు పంచి, ప్రతి మంచం దగ్గరికీ వెళ్లి ఏ మందు పడదో రోగినే మళ్లీ అడిగి రాయమంది.

ఆమె రిజిస్టరు చూసి సోమవారం టేపు తెచ్చింది. చిన్న మెషిన్‌లో పెట్టింది. తెర మీద ఒక వాక్యం వెలిగింది: తాళంచెవి ఇవ్వండి.

"ఇవ్వక్కా" అన్నాడు ఆఫీసరు.

"నా దగ్గర లేదు."

"అదేంటి? డ్రిల్లప్పుడు ఏది ఇచ్చావో అదే."

ఆమె ఆ టేపు బయటికి తీసింది. ఆదివారం టేపు పెట్టి చూసింది. శనివారంది. రోడ్డవతలి భవనంలోంచి నెలాఖరు టేపు తెప్పించింది. ప్రతిదీ మంచి టేపే. ప్రతిదీ అదే అడిగింది. అయిదో టేపు దగ్గర ఆఫీసరు కుర్చీలో కూర్చుండిపోయాడు. తాళంచెవి ఎక్కడుందో అతనికప్పుడు అర్థమైంది. కాలిపోయిన పెట్టెలో ఉంది.

అతను రిజిస్టరు దగ్గరికి లాక్కుని మూడు నెలల పేజీలూ తిప్పాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "అక్కా, ఒక మాట. డ్రిల్లప్పుడు తాళంచెవి పెద్ద మెషిన్‌లోంచి నేరుగా తీసుకుని వాడాం అనుకో. అప్పుడు తెరుచుకుంటుంది కదా. ఇప్పుడు పెద్ద మెషిన్ లేదు కాబట్టి తెరుచుకోవట్లేదు. అంతే కదా జరిగింది?"

అది నమ్మదగ్గ మాటే. ఎవరూ కాదనలేరు. అతను ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. ఆమె చేత అవుననిపించుకోవాలని అతని కళ్లు అడుగుతున్నాయి.

"తాళం వెయ్యని టేపులు ఎప్పటిదాకా ఉన్నాయో చూస్తాను" అని ఆమె లేచింది.

నాలుగింటికి పెద్ద డాక్టరు గదిలో కూర్చున్నారు. పెద్ద డాక్టరు అంటే ఆసుపత్రి మొత్తానికి బాధ్యురాలు, అరవైకి దగ్గర్లో ఉన్న ఆడమనిషి, మాట పొదుపు. ఆఫీసరు తాను అనుకున్నదంతా చెప్పాడు. డ్రిల్లులు జరిగాయని, అప్పుడు తెరుచుకున్నాయని, ఇది ఎవరూ ఊహించని ప్రమాదమని.

పెద్ద డాక్టరు రిజిస్టరక్క వైపు తిరిగింది. "అంతేనా అమ్మా?"

"కాదండీ. నేను డ్రిల్లు చెయ్యలేదు."

"ఎప్పుడు?"

"మూడు నెలలూ. చేసినట్టు రాశాను. నంబర్లు కూడా నావే, కల్పించి రాశాను."

ఆఫీసరు తల దించుకున్నాడు. పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎందుకు?"

ఆమె నిజంగానే ఆలోచించింది. ఆయన పోయాడు కాబట్టి అనొచ్చు. అది అబద్ధం కాదు. కానీ ఆయన పోయిన రోజుల్లో కూడా రోజూ టేపు మార్చింది, పరిమాణాలు రాసింది, అరల నంబర్లు రాసింది. ఒక్కటీ తప్పలేదు. ఈ ఒక్క పనే ఎందుకు చెయ్యలేదో ఆమెకు తెలియదు.

"తెలీదండీ" అంది. తర్వాత, "తాళం వెయ్యని ఆఖరి నకలు రెండు నెలల ఇరవై మూడు రోజుల కిందటిది. నాలుగో అలమార, రెండో అర. అది తెరుచుకుంటుంది. ఆ తర్వాతివి పోయినట్టే. కాగితాలు చూసి మళ్లీ ఎక్కించాలి."

"తెరుచుకుంటుందని ఎలా తెలుసు?"

"ఆ నెల డ్రిల్లు నిజంగా చేశాను."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక వదినకు జరిగింది చెప్పింది. వదిన సూదిలో దారం ఎక్కిస్తోంది. విని, దారం లాగి ముడి వేసి, "తమ్ముడికి ఇలాంటివి నచ్చేవి కాదు" అంది. "ఒకసారి యజమాని బస్సు త్వరగా పంపించమని నెత్తిన కూర్చున్నాడు. బ్రేకులు చూసినట్టు రాసేయరా, రేపు చూద్దువుగానీ అన్నాడట. వీడు రాయలేదు. ఆ రోజు పిల్లలు గంటసేపు బడి దగ్గరే నిలబడ్డారు. వాళ్ల అమ్మలు వచ్చి వీణ్ణి నానా మాటలూ అన్నారు."

అన్నాక, తాను ఏమన్నదో తెలిసి, "నిన్ననడానికి కాదే అమ్మాయ్" అంది.

"తెలుసు వదినా."

"ఆకలేస్తోందా?"

"తెలీట్లేదు."

"అయితే తిను. తింటే తెలుస్తుంది."

ఆమె తింది. తెలియలేదు.

బుధవారం పొద్దున కొత్త పెట్టె వచ్చింది. నాలుగో అలమార, రెండో అరలోని టేపు ఎక్కించారు. మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. తెర మీద రోగుల జాబితా కనపడగానే ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. ఆమె పది నంబర్లు ఎంచుకుంది. కింద రికార్డు గదినుంచి పది కట్టలు తెప్పించి, పెద్ద డాక్టరు పంపిన మనిషి ఎదురుగా ఒక్కొక్కటీ చదివింది. పదీ సరిపోయాయి. మధ్యాహ్నం రెండింటికి ఆసుపత్రి తెరలు మళ్లీ వెలిగాయి. వార్డుల్లో చప్పట్లు కొట్టారట. ఆమె వినలేదు.

రెండున్నరకు వదిన ఫోను చేసింది.

"అమ్మాయ్, ఆసుపత్రినుంచి నా ఫోనుకి ఏదో వచ్చింది." తమ్ముణ్ణి పరీక్షలకు తీసుకెళ్లేది వదినే కాబట్టి ఆసుపత్రి చీటీలో ఆమె నంబరే ఇచ్చారు. "వాడు చెప్పిన తేదీకి గుండె పరీక్షకి రాలేదట. ఆలస్యం చేస్తే ప్రాణానికి ప్రమాదం, వెంటనే రమ్మని. వీళ్లకి నేనేం చెప్పాలి?"

"ఏమీ చెప్పొద్దు వదినా. అది మెషిన్ పంపింది."

"మెషిన్‌కి ఎవరూ చెప్పలేదా?"

"చెప్పాం. మర్చిపోయింది."

వదిన ఫోను పెట్టెయ్యలేదు. అటువైపు ఊపిరి వినపడుతోంది. కాసేపటికి, "ఇంకోటి వచ్చింది. అదే ముక్క" అంది.

అప్పుడు ఆమెకు విషయం తట్టింది. మెషిన్‌కు తెలిసిన లోకం రెండు నెలల ఇరవై మూడు రోజుల కిందటిది. అప్పట్లో రావాల్సి ఉన్నవాళ్లందరూ ఇప్పుడు దాని లెక్కలో రానివాళ్లు. అందరి ఇళ్లకూ మెసేజిలు పంపుతోంది. వాళ్లలో ఎంతమంది లేరో దానికి తెలియదు.

ఆమె లేచి పరుగెత్తింది. పందొమ్మిదేళ్లలో ఆమె ఆ వరండాలో పరుగెత్తడం ఎవరూ చూడలేదు. ఆఫీసరు టీ తాగుతూ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

"ఆ మెసేజిలు ఆపు."

"ఏ మెసేజిలక్కా?"

"రాలేదని పంపేవి. పోయినవాళ్ల ఇళ్లకి వెళ్తున్నాయి. మా ఇంటికి వచ్చింది. ఆపు ముందు."

అతను కప్పు పక్కన పెట్టడం మరిచి చేత్తో పట్టుకునే పరుగెత్తాడు, సగం టీ మెట్ల మీద పోయింది. ఆరు నిమిషాల్లో ఆపాడు. అప్పటికే ఎనిమిది వందల పైచిలుకు వెళ్లిపోయాయి. ఆ సాయంత్రం కిందికి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఒకాయన తన భార్యను నిజంగానే రమ్మంటున్నారా అని అడిగాడట. ఫోను ఎత్తిన అమ్మాయి ఏడ్చిందట.

మరునాడు ఆమె పెద్ద డాక్టరు గదికి తానే వెళ్లింది. "కాగితాలు ఎక్కించడం ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఇంకా ఎవరూ చెప్పలేదండీ. ముందు పోయినవాళ్లవి ఎక్కిద్దాం. లేకపోతే మెషిన్ మళ్లీ ఏదో ఒకటి పంపుతుంది."

పెద్ద డాక్టరు ఆమెను కాసేపు చూసి, "ఎంతమంది?" అంది.

"మూడు నెలల్లో నలభై ఒకరు. మరణాల పుస్తకం చూశాను."

"ఎవరు ఎక్కిస్తారు?"

"నేను."

రికార్డు గది కింద, మెట్ల పక్కన. అక్కడి ఉద్యోగి పెద్దాయన, ఎప్పుడూ ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉంటాడు కాబట్టి అందరూ దుమ్ము బాబాయ్ అంటారు. ఆమె నంబర్ల జాబితా ఇస్తే, నిచ్చెనెక్కి దిగి, ఎక్కి దిగి, కట్టలు తెచ్చి బల్ల మీద పేర్చాడు. ఆమె లెక్క చూసింది.

"నలభయ్యే ఉన్నాయి బాబాయ్."

"ఒకటి నా దగ్గరుంది."

"ఏది?"

ఆయన ముక్కు గుడ్డ సరిచేసుకున్నాడు. "అది నేను ఎక్కించుకుంటాలేమ్మా. నాకూ కంప్యూటర్ వచ్చు, మరీ అంత చదువురానివాణ్ణి కాదు. నువ్వు మిగతావి చూసుకో."

ఆమె వాదించలేదు. "సరే" అని నలభై కట్టలూ ఎత్తుకుని పైకి వెళ్లింది. తన చేతులు వణకాలేమో అనుకుంది. వణకలేదు.

ఆ నలభై రికార్డులకూ నాలుగు రోజులు పట్టింది. ఆమె ఏ పేజీనీ వదలలేదు. జ్వరం ఎంత ఉంది, ఏ పూట ఏ మందు ఇచ్చారు, ఎవరు వచ్చి చూశారు. చివర ఒక గడిలో నాలుగు మాటల్లోంచి ఒకటి ఎంచాలి: ఇంటికి వెళ్లారు, వేరే ఆసుపత్రికి పంపారు, చెప్పకుండా వెళ్లిపోయారు, మరణించారు. నలభై సార్లు నాలుగోది ఎంచింది. వాళ్లలో పద్దెనిమిదేళ్ల పిల్ల ఒకతె ఉంది. నర్సు ఆ పిల్ల కాగితం అంచున పెన్సిలుతో "మంచినీళ్లు అడిగింది, ఇచ్చాను" అని రాసుకుంది. దానికి మెషిన్‌లో గడి లేదు. ఆమె ఆ మాటను "ఇతర వివరాలు" అన్న చోట ఎక్కించింది.

దుమ్ము బాబాయ్ తన ఒక్క రికార్డుకే రెండు రోజులు తీసుకున్నాడు. ఒక్క వేలితో, ప్రతి అక్షరానికీ తల వంచి వెతుక్కుంటూ, పక్కన ఎవరైనా నిలబడితే కసురుతూ. అయిపోయాక పైకి వచ్చి, "అయిందమ్మా" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆమె రెండు వారాలు దాన్ని తెరవలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, ఏ కారణమూ లేకుండా, భోజనం డబ్బా మూత పెడుతూ, ఆ నంబరు కొట్టింది. తొమ్మిది రోజులూ వరసగా ఉన్నాయి. అక్షరదోషాలు చాలా ఉన్నాయి. నాలుగోరోజు జ్వరం, అయిదో రోజు జ్వరం. ఆరో రోజు కాస్త తగ్గినట్టుంది. ఆ రోజు అతను బస్సు డ్రైవరుకు ఫోను చేసి గేరు గురించి అరగంట మాట్లాడాడు, నర్సు వచ్చి ఫోను లాక్కుంది. అది రికార్డులో లేదు. వయసు దగ్గర అరవై ఒకటి అని ఉంది.

యాభై ఒకటి.

బాబాయ్ వేలు పక్క అంకె మీద పడిందన్నమాట. ఆమె ఆరును చెరిపి అయిదు కొట్టింది. మార్పు ఎవరు చేశారు అని మెషిన్ అడిగితే తన పేరు రాసింది. ఎందుకు అని అడిగితే, "కాగితంతో సరిపోలలేదు" అని రాసింది. ముక్కు దగ్గర ఏదో మండినట్టయింది. కాసేపు ఆగి చూసింది. అంతకుమించి ఏమీ రాలేదు. డబ్బా సంచిలో పెట్టుకుని పనిలో పడింది.

మూడు నెలల కాగితాలన్నీ ఎక్కడానికి పదకొండు వారాలు పట్టింది. ఖాళీ దొరికినప్పుడల్లా నర్సులు వచ్చి కూర్చునేవారు, ఎక్స్‌రే మనిషి కూర్చునేవాడు. కొన్ని దొరకనే లేదు. కాగితం లేని రక్తపరీక్షలు నాలుగొందల దాకా పోయాయి. కొందరు మళ్లీ సూదులు పొడిపించుకోవాల్సి వచ్చింది. వాళ్లలో ఒకావిడ రెండో అంతస్తు దాకా వచ్చి, మోచేతి దగ్గర నల్లబడిన మచ్చ చూపించి, "ఇది ఎవరి నిర్వాకం?" అని అడిగింది. రిజిస్టరక్క, "నాదేనమ్మా" అంది. తిడదామని వచ్చిన ఆవిడ "చూసుకోవాలి కదా" అని వెళ్లిపోయింది.

విచారణ జరిగింది. ఆమెకూ ఆఫీసరుకూ చెరొక హెచ్చరిక కాగితం ఇచ్చారు. ఏడాదిపాటు ఆమె ఒక్కతే ఏ డ్రిల్లూ చేయకూడదు, ఇద్దరు కూర్చుని చేసి ఇద్దరూ సంతకం పెట్టాలి. తాళంచెవిని మూడు చోట్ల ఉంచారు. ఒకటి పెద్ద డాక్టరు గదిలోని ఇనప్పెట్టెలో. ఆఫీసరు ఆమె మీద కొన్నాళ్లు కోపంగా ఉన్నాడు. అక్కా అనడం మానేసి మేడం అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ప్రతి పేజీ రెండుసార్లు చదివేవాడు. ఒక రోజు ఆమె రాసిన దాంట్లో తేదీ తప్పు దొరికింది. అది చూపిస్తూ అలవాటుగా "చూడక్కా" అన్నాడు. అక్కడినుంచి మళ్లీ అక్కే అయింది.

తర్వాత వచ్చిన మొదటి బుధవారాల్లో ఒకటి. ఇద్దరూ చిన్న మెషిన్ ముందు కూర్చున్నారు. టేపు పెట్టారు, తాళంచెవి ఇచ్చారు, తెరుచుకుంది. అతను నంబర్లు చదువుతుంటే ఆమె కాగితాలు చూస్తోంది. తొమ్మిది సరిపోయాయి. పదో మనిషికి, కాగితం మీద రక్తం గ్రూపు ఉంది, మెషిన్‌లో ఆ గడి ఖాళీ.

"ఎవరో ఎక్కించడం మర్చిపోయారు. ఇది టేపు తప్పు కాదక్కా" అన్నాడతను. "పది అని రాసెయ్. రేపు ఆ గడి నింపేద్దాం."

"రేపు నింపాక రేపటిది రాద్దాం."

"పెద్ద డాక్టరు చూస్తే అడుగుతుంది."

"అడగనీ."

అతను నిట్టూర్చి కుర్చీ వెనక్కి నెట్టాడు. "టీ తెస్తాను. నీకూ తేనా?"

ఆమె తెమ్మంది. తొమ్మిది అని రాసి, కింద పదో మనిషి నంబరు రాసి, ఆ కట్ట ఎత్తుకుని, గడి ఎవరు వదిలేశారో అడగడానికి కింది అంతస్తుకు బయల్దేరింది.